అత్తగారి ఒడిలో మూగదండు

“మూడోసారి చెబుతున్నానత్తా, ఆ నేతిగిన్నె నేను పొయ్యి దగ్గర పెట్టలేదు.”

“పెట్టకపోతే దానికి కాళ్ళొచ్చి, పొయ్యి దాకా నడిచెళ్ళి, చలి కాచుకుని మళ్ళీ గూట్లోకొచ్చి కూర్చుందా?”

“నువ్వు పెట్టిన గూట్లోనే ఉంది. నేనసలు చెయ్యే వెయ్యలేదు.”

“ఉత్తరపు గూట్లో నెయ్యి కరగడం, ఈ ఇంట్లో కాలుపెట్టిన నలభై రెండేళ్ళలో నేను చూళ్ళేదు. ఉప్పుమళ్ళ పిల్లవి. గడ్డనెయ్యి గోకి వేసుకోవడానికి బద్ధకం. సెగ చూపించానని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయింది?”

“చెయ్యని పని ఒప్పుకుంటే నా నోరు పోతుంది.”

“ఆ నోరొక్కటీ పోతే ఈ ఇల్లు కాస్త సద్దుమణుగుతుంది!”

పొయ్యి పక్కన కుంటికాలు చాపుకుని కూర్చున్న మామ ఎర్రప్ప కంబళిని చెవుల మీదికి లాక్కున్నాడు. మూలన గంజిముంత పట్టుకుని కూర్చున్న గాజులమ్మి మాత్రం అత్తాకోడళ్ళ మొహాలు మార్చి మార్చి చూస్తోంది. మూడు రోజుల కిందట, తుఫాను మొదలవుతుండగా వచ్చి తలుపు తట్టిన మనిషి ఆమె.

నిజానికి ఆ గొడవ నెయ్యి గురించి కాదని అత్త రాచమ్మకూ తెలుసు, కోడలు చెంగల్వకూ తెలుసు. నువ్వులనూనె తెస్తానని కొండ దిగిన సింగన్న ఇంకా తిరిగి రాలేదు. ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు. ఆ పేరెత్తితే ఏడుపొస్తుంది. నెయ్యి గురించైతే ఎంతసేపైనా పోట్లాడుకోవచ్చు.

తూర్పు సముద్రానికీ పడమటి సముద్రానికీ నడుమ నిలువునా నిలబడ్డ కొండలవి. కవ్వపు కొండలంటారు వాటిని. రెండు సముద్రాలూ చెరో వైపునా తాడు పట్టి లాగుతుంటే ఆ కొండలు ఆకాశాన్ని చిలుకుతున్నట్టుంటాయి. తేలిన వెన్నంతా శిఖరాల మీదే పేరుకుంటుంది. ఎండ పడితే పచ్చగా, మబ్బు పడితే నీలంగా, పొద్దు వాలితే పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టుగా రంగులు మారుతుంది. కొండలకు తూర్పున సింధుకేతన రాజ్యమూ దాని కోటా, పడమట వేరే రాజుల రేవులూ. నడుమ ఒక్కటే కనుమ. ఆ కనుమ ముఖాన ఉన్న ఒంటరి ఇల్లు వీళ్ళది. బాటసారుల్ని ప్రాణాలతో ఆ గట్టుకు చేర్చడం ఏడు తరాలుగా వాళ్ళ పని.

“చూడు! గూడు వేడిగా ఉందో, నా నోరు వేడిగా ఉందో నువ్వే చూసి చెప్పు!” అంటూ చెంగల్వ విసురుగా వెళ్ళి ఉత్తరపు కిటికీ బార్లా తీసింది.

తీసి, అక్కడే ఆగిపోయింది.

గాలి మొహానికి తగిలింది. మూడు రోజులుగా చెంపలు కోసిన గాలి కాదది. తడిగా, వెచ్చగా, ఉడికిన కుండ మీద మూత తీసినట్టుగా ఉంది. చెంగల్వ నాలుకతో పెదవి తడుముకుంది. ఉప్పగా తగిలింది.

“అత్తా, గాలి తిరిగింది. ఇది దక్షిణం నుంచి, సముద్రం మీంచి వస్తున్న గాలి. కొండ చుట్టూ తిరిగొచ్చి ఈ కిటికీలో దూరుతోంది. మా ఊళ్ళో ఈ గాలి తగిలిందంటే మా అయ్య మళ్ళలో ఉప్పు ఉన్నపళంగా గంపలకెత్తించేసేవాడు.”

రాచమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. గిన్నె వంక చూసింది, కిటికీ వంక చూసింది. తరవాత కరిగిన నెయ్యి గరిటెడు తీసి, మాటా పలుకూ లేకుండా కోడలి గంజిలో వంచింది. తప్పు ఒప్పుకోవడమంటే ఆ ఇంట్లో అంతే.

“పార తీసుకురా,” అంది.

పెరట్లో, గుండెలోతు మంచులో రాచమ్మ నిలువు గుంట తవ్వింది. ఆ ఇంటివాళ్ళు మంచును పైనుంచి చూసి నమ్మరు, కోసి చూస్తారు. గుంట గోడలో పొరలు బయటపడ్డాయి. అడుగున మాడుచెక్కలాంటి గట్టి మంచు. దాని మీద మాఘమాసపు ఎండుచలిలో పొడిపొడిగా మారిన పొర, వేళ్ళతో నలిపితే బియ్యపు నూకలా రాలిపోతుంది. ఆ నూక మీద, ఈ మూడు రోజుల తుఫాను తెచ్చి పోసిన కొత్త మంచు, నానిన పరుపులా బరువుగా కూర్చుంది.

రాచమ్మ జానెడు వెడల్పున ఒక దిమ్మ చెక్కి, దాని నెత్తిన పార బోర్లించి తట్టడం మొదలుపెట్టింది. మణికట్టుతో పది దెబ్బలు, మోచేత్తో పది, భుజం నుంచి పది. ఆ ముప్ఫై దెబ్బలూ ఓర్చుకున్న మంచు మీదే మనిషి నడవాలి. ఒకటి, రెండు, మూడు... నాలుగో దెబ్బ పడకముందే పైపొర మొత్తం పళ్ళెంలోంచి అట్టు జారినట్టు జారి చెంగల్వ కాళ్ళ మీద పడింది.

“నూనె రాసిన పెనం మీద దిబ్బరొట్టె,” అంది రాచమ్మ. “ఇప్పుడు దీనికి వెచ్చదనం కూడా తోడైంది. ఇవాళ దారి లేదు. రాత్రి చలికి బిగుసుకుంటే రేపు తెల్లారగట్ట చూడొచ్చు.”

“నాకు రేపటిదాకా వ్యవధి లేదు.” గుమ్మంలో గాజులమ్మి నిలబడి ఉంది. “ఇన్నాళ్ళూ మీ దగ్గర దాచాను. నేను గాజులమ్మేదాన్ని కాను.”

“అది తెలియడానికి శాస్త్రం చదవాలా తల్లీ!” రాచమ్మ పార దులుపుతూ అంది. “నాకు పన్నెండు గాజులు తొడగబోయి అయిదు పగలగొట్టావు. గాజులమ్మి చెయ్యి ఎదుటిచేతిని నొక్కి పట్టుకుంటుంది. నీ చెయ్యి పన్నీరు పోయించుకోడానికి చాచినట్టుంటుంది. ఏ కోట నుంచొచ్చావో చెప్పు, చాలు.”

ఆమె రాకుమారి తరంగిణి. తండ్రి పోయిన పదకొండో రోజునే మాంత్రికుడు ధూమ్రజిహ్వుడు కోటను పట్టుకున్నాడు. వాడు కత్తి ఎత్తడు, నిప్పు కురిపించడు. చేతిలో ఎర్రరాయి పొదిగిన దంతపు దండం ఉంది. దాన్ని చాచి ఒక్క మంత్రం చదివితే ఎదుటివాడి మాట గొంతులోనే గడ్డకడుతుంది. మంత్రులూ సేనాపతులూ పురోహితులూ, ఎదురుచెప్పిన ప్రతివాళ్ళ నోళ్ళూ అలాగే కట్టేశాడు. పడమటి రేవులో మేనమామ ఓడలతో కాచుకుని ఉన్నాడు. అక్కడికి చేరితేనే రాకుమారికి ప్రాణం.

“రాచీ!” ఇంటి ముందునుంచి ఎర్రప్ప కేక వినిపించింది. “కింద మలుపులో జనం!”

ముగ్గురూ పరుగెత్తారు. లోయ దారిలో నలభై మంది భటులు ఎక్కి వస్తున్నారు. అంతమంది నడుస్తుంటే దగ్గైనా, తుమ్మైనా, బూతుమాటైనా వినపడాలి కదా. ఏమీ లేదు. కత్తుల ఒరలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. కాలు జారినవాడి నోరు అరిచినట్టే తెరుచుకుంటోంది గాని శబ్దం బయటికి రావడం లేదు. నీళ్ళ కింద నడుస్తున్న మనుషుల్లా ఉన్నారు.

అందరికన్నా ముందున్న మనిషి చేతులు వెనక్కి విరిచి కట్టారు. అతని నడుముకు వేలాడుతున్న ఎర్రతాడు మంచు మీద పాములా ఈడ్చుకుంటూ వస్తోంది. అలాంటి తాడు ఆ ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ కట్టరు. మనిషి మంచులో మునిగినా పాతిక మూరల తాడులో ఏదో ఒక కొస పైన తేలుతుందని.

“సింగా!” అని రాచమ్మ గొంతు చిరిగేలా పిలిచింది. ముందున్న మనిషి తల ఎత్తాడు. నోరు తెరిచాడు. అంతే.

తరంగిణి ముందుకొచ్చింది. “నన్ను అప్పగించండి. మీ మనిషిని విడిపించుకోండి.”

“అప్పగిస్తే వదులుతాడని ఎవరు చెప్పారమ్మా?” చెంగల్వ అప్పటికే నడుముకు తాడు బిగిస్తోంది. “ఊరందరి నోళ్ళూ కట్టేసినవాడు తన నోటిమాట మీద నిలబడతాడా? మనం ఇంట్లో దొరికిపోతే వాడికి మా ఆయనతో పని తీరిపోతుంది. కొండ మీద కనిపించామనుకోండి, దారి చూపించడానికి మా ఆయన కావాలి. కావలసినంతసేపూ చంపడు. పదండి.”

“ఒడి మీదుగానా?” ఎర్రప్ప చెయ్యి కుంటికాలి మీదికి పోయింది.

“మామా, ఆ మాత్రం తెలియదా నాకు! వెన్నుగట్టు మీదుగా.”

కనుమకు పోయే మామూలు దారి ఒక విశాలమైన ఏటవాలు మీదుగా పోతుంది. తెల్లగా, మెత్తగా, రమ్మని పిలుస్తున్నట్టుండే ఆ వాలు పేరు అత్తగారి ఒడి. కూర్చోమంటుంది, కూర్చుంటే మింగుతుంది. ఎర్రప్ప కాలు అక్కడే పోయింది. దానికి పైన, గాలి ఊడ్చి ఊడ్చి మంచు నిలవనివ్వని రాతి అంచే వెన్నుగట్టు. దూరమూ ఎక్కువే, కష్టమూ ఎక్కువే. కాని రాయి జారదు.

“ఆ పేరు పెట్టిందెవరో గాని...” అని రాచమ్మ సణుగుతూనే పార భుజాన వేసుకుని వాళ్ళ వెంట పిలుపుబండ దాకా వచ్చింది. గట్టు మొదట్లో ఉండే ఆ బండ మీద ఇంటివాళ్ళలో ఒకరు నిలబడి, పైకి వెళ్ళినవాళ్ళను పేరుపేరునా పిలుస్తూ ఉండాలి. వెళ్ళినవాళ్ళు “ఉన్నా!” అని పలుకుతూ, నడుమ గొంతెత్తి పాడుతూ నడవాలి. పాట ఎక్కడ ఆగితే అక్కడ తవ్వాలి. ఏడు తరాలుగా అదే ఆచారం.

“మీరూ పాడాలి,” అంది చెంగల్వ, రాకుమారి నడుముకు తాడు కొస ముడివేస్తూ.

“పాడితే ఆ శబ్దానికి కొండ విరుచుకు పడుతుందంటారే! కోటలో అందరూ అదే చెబుతారు.”

చెంగల్వ ఫక్కున నవ్వింది. “కొండకు చెవుల్లేవమ్మా. వీపుంది. బరువు మోపితే పడుతుంది గాని పాట పాడితే పడుతుందా? అలా అయితే మా అత్త అరుపులకి ఈ కొండలు ఎప్పుడో చదునైపోయేవి.”

“వినపడుతోందే!” అంది బండ మీంచి రాచమ్మ.

గట్టెక్కారు. ఎడమచేతి వైపు లోయ, లోయ అడుగున తూర్పు సముద్రం పగిలిన అద్దంలా మెరుస్తోంది. కుడివైపు గాలి మంచును అల్లి కట్టిన చూర్లు, ముత్యాల గొడుగుల్లా శూన్యంలోకి వంగి ఉన్నాయి. వాటి కొసల నుంచి నీటిబొట్లు జారి, ఎండకు ఏడు రంగుల పూసలై రాలుతున్నాయి. ఎంత అందమో అంత మోసం. వాటి కింద రాయి లేదు, గాలే.

చెంగల్వ గొంతెత్తింది.

“తిరుగలి తిరిగి అలిసిందమ్మా, మా అత్త అలవదు!
పొయ్యిమంట ఆరిందమ్మా, మా అత్త ఆరదు!”

“చెంగల్వా!” కిందనుంచి పిలుపు.

“ఉన్నా!”

“ఆ పాట తప్ప ఇంకోటి రాదుటే నీకు?”

వెనక తరంగిణి మొదట గొణిగింది, తరవాత నిజంగానే పాడింది. పాట మూడో చరణంలో ఉండగా ఆమె కుడికాలు తెల్లటి చూరు మీద పడింది. బండి ఇరుసు విరిగినట్టు ఫెళ్ళుమంది. ఇల్లంత మంచుచూరు ఊడి, రాకుమారితో సహా మాయమైంది. తాడు సర్రున బిగిసి చెంగల్వను అంచు దాకా ఈడ్చుకుపోయింది. ఆమె రెండు కాళ్ళూ ఒక రాతిబీటలో దూర్చి వెల్లకిలా పడుకుంది. నడుము తెగిపోతుందనిపించింది.

“పాట ఆపొద్దమ్మా!” అని అరిచింది.

అంచు కిందనుంచి, ఏడుపు గొంతుతోనే, “పొయ్యిమంట ఆరిందమ్మా...” అని వినిపించింది. ఆ గొంతు ఎటు ఊగుతోందో వింటూ, అటు ఊగినప్పుడు వదిలి, ఇటు ఊగినప్పుడు లాగి, మూరమూరా పైకి చేదింది చెంగల్వ. బావిలోంచి కడవ చేదడమే. కడవ కాస్త బరువు, అంతే. పైకొచ్చిన తరంగిణి తల మీద గాజులమ్మి చుట్టుగుడ్డ లేదు, కాలికి చెప్పు లేదు. “పదండి,” అంది రాకుమారి పళ్ళు బిగించి. “నాకు మీ అత్తగారి మీద ఇంకో చరణం తోచింది.”

అప్పుడు కింద, ఒడి అంచున, నల్లటి ఉత్తరీయంతో ధూమ్రజిహ్వుడు కనిపించాడు. ఆ దండులో వాడి గొంతొక్కటే వినపడేది.

“ఓసి పల్లెదానా! ఆ కూత ఆపు! కొండ కూలితే నీ మొగుడూ పోతాడు! రాకుమారిని నిలబెట్టు!”

“నువ్వే వచ్చి నిలబెట్టుకో!” చెంగల్వ నడుము మీద చెయ్యి వేసింది.

వాడు దండం చాచి మంత్రం చదివాడు. ఎర్రరాయి నిప్పుకణికలా వెలిగింది. నిప్పురవ్వల తోక ఒకటి పైకి లేచి, గట్టుకు సగం దూరంలో తుస్సుమని ఆరిపోయింది. అంత దూరం అందే మంత్రం కాదది.

“నా నోరు కట్టడం మా అత్తవల్లే కాలేదురా!” అంది చెంగల్వ. “నీవల్ల ఏమవుతుంది?”

మాంత్రికుడి మొహం కందగడ్డైంది. గట్టు అవతలి కొసన ఆడవాళ్ళు కనుమలోకి దిగేలోపు అడ్డం పడాలంటే ఒడి మీదుగా కోసుకుపోవడమే దారి. వాడు భటులకు చేత్తో సైగ చేశాడు. సింగన్నను ముందుకు తోశారు. సింగన్న అంచు దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపి, మంచులో చతికిలపడి కూర్చున్నాడు. తన్నారు. లేవలేదు. మళ్ళీ తన్నారు. ఈసారి లేచాడు గాని, వెనకవాళ్ళ వైపు తిరిగి, చేతులు కట్టేసి ఉండటం వల్ల గెడ్డంతో చూపించాడు. ఒక్కొక్కళ్ళే, దూరందూరంగా.

“ఒక్కొక్కళ్ళే నడవండి!” చెంగల్వ రెండు చేతులూ నోటికి చుట్టి అరిచింది. శత్రువులే కావచ్చు, వాళ్ళ తల్లులు కారు కదా. “కింద నూక ఉంది! ఒకడు దాటాకే ఇంకొకడు! విడివిడిగా, విడివిడిగా!”

ఒకరిద్దరు భటులు ఆగారు.

“దాని మాయమాటలు నమ్మకండి! మిమ్మల్ని విడదీసి తప్పించుకోవాలని చూస్తోంది!” ధూమ్రజిహ్వుడు పకపకా నవ్వాడు. “మీ నోళ్ళు ఎందుకు కట్టానో తెలుసా? కొండకు వినపడకూడదనే! చడీ చప్పుడూ లేని దండు ఇది. ఒకరి భుజం ఒకరు పట్టుకోండి. గుంపుగా, త్వరగా!”

మైదానంవాడు చెయ్యగల తప్పు అది. నోటిని చూసుకున్నాడు గాని కాలిని చూసుకోలేదు.

నలభై మంది ఒక్క ముద్దగా ఒడిలోకి దిగారు. నిజంగానే చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. ధూమ్రజిహ్వుడు ఉత్తరీయం ఎగ్గట్టి, దండును దాటుకుని ముందుకు పోయి, అవతలి రాతిగట్టు అందుకోబోతున్నాడు.

ఒడి నడుమ, ఎక్కడో లోతున, ఒక పెద్ద పరుపు మీద ఎవరో దభీమని కూలబడ్డట్టు శబ్దమైంది.

ఆ శబ్దం ఏమిటో అక్కడున్నవాళ్ళలో సింగన్న ఒక్కడికే తెలుసు. పక్కనున్న రాతి వైపు ఎగిరి దూకాడు. అతని కాళ్ళు నేల విడవగానే, పైన, ఈ కొస నుంచి ఆ కొసకు, తెల్లటి వాలు మీద నల్లటి గీత పాకింది. గీత బీటైంది. బీట నోరైంది. ఒడి మొత్తం, అంచులతో సహా, ముగ్గు వేసిన పీట జారినట్టు కదిలింది. మరుక్షణంలో అది పలకలుగా విరిగింది. పలకలు దొర్లే బండలయ్యాయి, బండలు పొగయ్యాయి. కొండంత తెల్లటి అల లోయలోకి విరుచుకుపడింది. దాని ముందు పరుగెత్తిన గాలి దెబ్బకు గట్టు మీద ఇద్దరూ బోర్లా పడ్డారు. అవతలి రాతి మీద అప్పుడే కాలు పెట్టిన ధూమ్రజిహ్వుడి చేతిలోంచి దండం పుల్లముక్కలా ఎగిరిపోయింది.

తరవాత పొగ దిగింది.

చెంగల్వ అప్పటికే దిగుతోంది. జారిపోయిన చోట ఇక జారడానికేం మిగల్లేదు, మాడుచెక్క తప్ప. మడమలు గుచ్చుకుంటూ, కూర్చుని జారుతూ, లేస్తూ పడుతూ దిగింది. వెనక తరంగిణి. పక్కనుంచి పారతో రాచమ్మ, అరవయ్యో పడిలో ఉన్న మనిషి, ఉరుకులు పరుగుల మీద వచ్చింది.

కింద తెల్లటి రాళ్ళకుప్ప. ఎక్కడా మనిషి జాడ లేదు. ఎర్రతాడు లేదు. “సింగన్నా!” అని రాచమ్మ పిలిచింది. పలకడానికి అతనికి గొంతు లేదు. నలభై మందిలో ఒక్కడికీ లేదు. ఎక్కడని తవ్వాలి?

“దండం!” తరంగిణి అరిచింది. “అదుగో, ఆ దిమ్మ మీద!”

మంచులో నిలువునా గుచ్చుకుని ఎర్రరాయి ఇంకా మినుకుమంటోంది. అవతలి గట్టు మీంచి మాంత్రికుడు గుండెలు బాదుకుంటూ కేకలు వేశాడు. “ముట్టుకోకు! చెయ్యి కాలిపోతుంది! దాన్ని నాకు విసిరెయ్యి, నీకు ఊరిస్తాను, మాన్యాలిస్తాను!”

చెంగల్వ దాన్ని చేత్తో ముట్టుకోలేదు. రాచమ్మ భుజం మీది పార లాక్కుని, అంచు తిప్పి, నెత్తి మీదినుంచి ఒక్క వేటు వేసింది. దంతం పెళుక్కున విరిగింది. ఎర్రరాయి బొగ్గై ఆరిపోయింది.

“అత్తా, పిలువు!”

“సింగన్నా!”

ముగ్గురూ చెవులు మంచుకు ఆనించి పడుకున్నారు. మంచు పైమాట లోపలికి వినిపిస్తుంది గాని లోపలిమాట పైకి రావడం కష్టం. చెంగల్వకు తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఊపిరి బిగబట్టింది.

మొదట ఒక మూలుగు. తరవాత ఎవడో అమ్మను పిలుస్తున్నాడు. ఇంకెవడో దేవుణ్ణి. మరొకడు మాంత్రికుడి వంశాన్నంతటినీ పేరుపేరునా తిడుతున్నాడు. చెంగల్వ పొట్ట కింద, మోకాళ్ళ కింద, చాచిన చేతుల కింద, మంచంతా మనుషుల గొంతులతో నిండిపోయింది. ఆ రొదలో, తన కుడిచేతి వైపునుంచి, సన్నగా, విసుగ్గా ఒక మాట వచ్చింది.

“ఉన్నా! ఉన్నానంటుంటే!”

తవ్వారు. పార రాచమ్మది. చెంగల్వ చేతులతో, తరంగిణి ఒక భటుడి డాలుతో. మూడు మూరల కింద ముందు ఎర్రతాడు దొరికింది, దాని వెంట సింగన్న నడుము, నడుము వెంట మనిషి. మొహం నీలంగా ఉంది. ఎడమకాలు విరిగింది. నోట్లో మంచు ఉమ్మేసి, పెళ్ళాన్ని చూసి, “నూనెకుండ కింద మలుపులోనే ఉండిపోయింది,” అన్నాడు.

“నీ నూనె తగలెయ్య!” అంది చెంగల్వ. ఏడవడానికి తీరిక లేదు. కట్లు కోసి అతన్ని కూర్చోబెట్టి పక్క గొంతు దగ్గరికి పాకింది. బయటపడ్డవాడు డాలు అందుకుని ఇంకొకణ్ణి తవ్వాడు. ఇద్దరు నలుగురయ్యారు, నలుగురు పదిమందయ్యారు. పొద్దు పడమటికి వాలేసరికి ముప్ఫై నలుగురు బయటికొచ్చారు. ఆరు గొంతులు మధ్యలోనే ఆగిపోయాయి. ఆ ఆరుగుర్నీ వరసగా పడుకోబెట్టి, మొహాల మీద డాళ్ళు కప్పారు. భటుల నాయకుడు మల్లుభూపుడు, ఆ ఉదయం సింగన్నను తన్నినవాడే, రాచమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని తల ఎత్తలేకపోయాడు.

“లేరా నాయనా, లే. ఇంటికొచ్చి ఇంత గంజి తాగు,” అంది రాచమ్మ. తరంగిణి చీరుకుపోయిన అరచేతులు చూసి, “ఇప్పుడు నువ్వు గాజులమ్మివంటే నమ్ముతాను తల్లీ,” అంది.

అవతలి గట్టు మీద ధూమ్రజిహ్వుడు లేడు. దండం లేకపోతే వాడు ఆయాసం ఉన్న ఒక ముసలివాడు మాత్రమే. చీకటి పడకముందే పడమటి వైపు దిగిపోతూ వాడి నల్లటి ఉత్తరీయం కనిపించిందని ఒక భటుడు చెప్పాడు.

మసక పడేవేళకు ఇల్లు జాతరలా ఉంది. రెండు గదుల కొంపలో ముప్ఫై నలుగురు. ఉన్న గిన్నెలన్నీ పొయ్యెక్కాయి. మాటలు వచ్చిన మనుషులు, ఆపమన్నా ఆపడం లేదు. ఒకడైతే ఊరికే తన పేరు తనే చెప్పుకుంటున్నాడు. సింగన్న కాలికి వెదురుబద్దలు కట్టి చెంగల్వ గుడ్డ బిగిస్తుంటే, ఎర్రప్ప లెక్క వేసి చెప్పాడు.

“వాడు అవతలికి చేరాక కనుమ మెడ పూర్తిగా పూడిపోయింది. జ్యేష్ఠం దాకా పిట్ట కూడా దాటదు. వాడు తిరిగి కోటకు రావాలంటే పడమటి తీరం పట్టుకుని, ఓడెక్కి, దక్షిణపు కొస చుట్టి రావాలి. తొమ్మిది రోజులు.”

“నేనూ అటు పోలేను,” అంది తరంగిణి మెల్లగా. “మామయ్య ఓడలూ అటే ఉన్నాయి.”

“పోలేకపోతే పోవద్దు. ఇక్కడే ఉండు,” అంది రాచమ్మ. “నా చెల్లెలి కూతురివంటాను. వేసవి దాకా అటక మీద దాచుకుంటాను. ఎవడొస్తాడో చూస్తా.”

“దాస్తావు సరే, ముప్ఫై నలుగురి నోళ్ళు ఏం చేస్తావ్?” అన్నాడు సింగన్న.

మల్లుభూపుడు లేచి నిలబడ్డాడు. “మా నోళ్ళ సంగతి అలా ఉంచండి. ఆ కర్ర విరిగినప్పుడు విడివడ్డవి మా నోళ్ళు మాత్రమే కావు. కోటలో మంత్రులవీ, సేనాపతులవీ, అన్నీ విడివడి ఉంటాయి. అయితే అక్కడ కావలి మాత్రం ఇంకా వాడి మనుషులదే. ఆ కావలివాళ్ళు మనకు అడ్డం పడతారో, తలుపులు తీస్తారో ఎవరికీ తెలీదు.”

అందరూ ఒక్కసారి మాట్లాడారు. దాచాలన్నారు, పారిపోవాలన్నారు, ఉప్పుమళ్ళ మీదుగా పడవ కట్టించాలన్నారు. తరంగిణి ఎవరి మొహమూ చూడకుండా తన చేతుల కట్లు చూసుకుంటోంది.

చెంగల్వ మొగుడి కాలికి ఆఖరి ముడి వేసి, లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంది. పొద్దుటినుంచీ అరిచిన గొంతు బొంగురుపోయింది. ఇప్పుడు పెంచలేదు, పెంచాలనుకోలేదు కూడా.

“మామా, అత్తా, ఇటు వినండి. ఏమయ్యా, నువ్వూ విను. వాడు తిరిగి రావడానికి తొమ్మిది రోజులుంది. తెల్లారగట్ట మంచు బిగుసుకోగానే అమ్మాయిగారిని తీసుకుని నేను కొండ దిగుతున్నాను. దాక్కోవడానికి కాదు. కోటకి.”